పుండు ఎందుకు ఆగిందో తేలాకే స్టెమ్ సెల్స్ మాట

మీరు అడిగింది ముందుగా రెండు మాటల్లో చెబుతాను. ఇలాంటి ఇబ్బందే ఉన్న మిగతా పాడిరైతులకి కూడా అర్థమవుతుంది. రాజాం పక్కన మీ ఊళ్లో జెర్సీ క్రాస్ ఆవుకి రెండున్నర నెలల కింద శాల రేకు తగిలి, కుడి తొడ మీద జానెడు మేర చర్మం ఊడిపోయింది. మొదటి ఆరు వారాలు బాగానే పూడుతూ వచ్చిన పుండు అరచేయంత మిగిలి అక్కడే ఆగిపోయింది. రోజూ హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి నురగ తగ్గేదాకా కడుగుతున్నారు. దూదితో గట్టిగా తుడిచి, పసుపు వేసి, పైన నీలిరంగు స్ప్రే కొడుతున్నారు. విశాఖలో కుక్కలకి స్టెమ్ సెల్ ఇంజక్షన్లు చేస్తున్నారని, ఆవుకి చేయిస్తే కొత్త తోలు పుట్టుకొస్తుందని ఎవరో చెప్పారు. "అప్పు చేసైనా చేయిస్తాను, చేయించమంటారా డాక్టరుగారూ" అని రాశారు.

ఆ అప్పు మాట చదివాక ఈ జవాబు వివరంగా రాయాలనిపించింది.

నేను శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ముప్పై ఏళ్లకు పైగా పశువైద్యుడిగా పనిచేసి రిటైరయ్యాను. మధ్యలో కొన్ని నెలలు ఒక పరిశోధన ల్యాబ్‌లో ఉండి మూలకణాలు, అంటే ఈ స్టెమ్ సెల్స్, తీయడం, పెంచడం నేర్చుకున్నాను. ఆ ల్యాబ్ పనీ, ఇక్కడి పశువుల శాలలూ రెండూ తెలిసినవాడిగా చెబుతున్నాను: ఇప్పుడు చేయించకండి. స్టెమ్ సెల్స్‌లో నిజమైన పస ఉంది, అందులో నాకు సందేహం లేదు. కానీ మీ ఆవు పుండు ఎందుకు ఆగిపోయిందో ఇంకా తేలలేదు. ఆ కారణం అలాగే ఉండగా ఎంత ఖరీదైన కణాలు వేసినా అక్కడ చచ్చిపోతాయి. మీరు రాసింది చూస్తే ఆ కారణాల్లో ఒకటి పెరాక్సైడ్ సీసాలోనే ఉందని నా గట్టి అనుమానం.

మూలకణం అంటే తన సంఖ్య తరగకుండా చూసుకుంటూనే, అవసరమైనప్పుడు విడిపోయి వేరే రకం కణాలను తయారుచేయగల కణం. అవి బయటి నుంచి తెచ్చి వేసేవని చాలామంది అనుకుంటారు. మీ ఆవు చర్మంలో అవి పుట్టినప్పటి నుంచీ ఉన్నాయి. పై పొర అడుగున వరుసగా కొన్ని, ప్రతి వెంట్రుక కుదురు పక్కన కాస్త ఉబ్బెత్తుగా ఉండే చోట మరికొన్ని. ఈ కుదురు సంగతి 1990లో ఎలుకల మీద చేసిన పనితో బయటపడింది. గోడకి రాసుకుని పైపైన గీరుకుపోయిన గాయం త్వరగా మానేది అందుకే. కుదుళ్లు లోపల మిగిలే ఉంటాయి కాబట్టి ప్రతి కుదురు నుంచీ కొత్త పొర చుక్కలా లేస్తుంది. నాటిన నారు పిలకలు వేసి మడంతా కమ్ముకున్నట్టు ఆ చుక్కలు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి.

మీ ఆవుకి చర్మం కుదుళ్లతో సహా పోయింది. మధ్యలో నారు లేదు. కొత్త పొర రావాలంటే చుట్టూ మిగిలిన గట్టు నుంచే లోపలికి పాకాలి. ఆ నడక చాలా నెమ్మది. గుర్రాల కాళ్ల కింది భాగంలో కొలిచినప్పుడు అది రోజుకి మిల్లీమీటరులో పదో వంతు దగ్గరే ఉంది. తొడ మీద పరిస్థితి ఇంతకంటే నయం. అక్కడి చర్మం వదులుగా ఉంటుంది కాబట్టి పుండు అడుగున పెరిగే ఎర్రటి కండ ముడుచుకుంటూ అంచుల్ని దగ్గరికి లాగుతుంది. మొదటి ఆరు వారాల్లో మీరు చూసిన వేగం చాలావరకు ఈ లాగుడుదే. చర్మం సాగినంత సాగాక, మిగిలిన చోటు ఆ సన్నని పొర నడిచే పూడాలి. అందువల్ల కొంత నెమ్మదించడం సహజం. నెల రోజులు బొత్తిగా కదలకపోవడం సహజం కాదు.

పొద్దున ఎండ పడే వేళ ఆవుని నిలబెట్టి పుండు అంచు చూడండి. మానుతున్న పుండుకి అంచు చుట్టూ లేత గులాబీ రంగులో, తడిగా మెరుస్తూ, గోరు మందం కూడా లేని పట్టీ ఒకటి కనిపిస్తుంది. పుండు మొత్తంలో విలువైన చోటు అదే. ఆవు సొంత మూలకణాల సంతానం అక్కడ నడుస్తోంది. పెరాక్సైడ్ సూక్ష్మక్రిములతో పాటు ఆ లేత కణాలను కూడా చంపుతుంది. దూదితో గట్టిగా రుద్దితే మిగిలినవి ఊడి వస్తాయి. దెబ్బ తగిలిన రోజు, మట్టీ పేడా నిండిన గాయానికి ఒకసారి వాడితే అర్థం ఉంది. రెండున్నర నెలలు రోజూ వాడితే రాత్రి నడిచిన పొరని పొద్దున తుడిచేస్తున్నట్టే. ఆవు ఒంట్లోని మూలకణాలను మనమే చంపుతూ, బయటి నుంచి మూలకణాలు కొనడానికి అప్పు చేయడం నాకు బాధగా అనిపిస్తోంది.

పుండు ఆరితేనే మానుతుందనే నమ్మకం కూడా దీనితో పాటు వదలాలి. 1962లో జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త పంది పిల్లల చర్మం మీద చిన్న గాయాలు చేసి, కొన్నిటిని గాలికి వదిలేశాడు, కొన్నిటిని పల్చటి ప్లాస్టిక్ పొరతో కప్పాడు. కప్పి తడిగా ఉంచిన గాయాల మీద కొత్త పొర దాదాపు రెట్టింపు వేగంతో కమ్ముకుంది. ఎండి పక్కు కట్టినచోట పాకే కణాలు ఆ పక్కు కిందికి దిగి, తడి ఉన్న దారి వెతుక్కుంటూ పోవాలి. మనుషుల ఆసుపత్రుల్లో ఇప్పుడు వాడే డ్రెస్సింగుల వెనక ఉన్న ఆలోచన ఇదే. పశువుల శాలల దాకా మాత్రం ఇంకా సరిగా చేరలేదు.

ఇక మీకు చెప్పిన కొత్త తోలు సంగతి. అందులో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. చర్మపు పై పొర మూలకణాల నుంచి నిజంగానే కొత్త పై చర్మాన్ని పెంచవచ్చు. 1975లో జేమ్స్ రైన్‌వాల్డ్, హోవార్డ్ గ్రీన్ అనే శాస్త్రవేత్తలు మనిషి చర్మకణాలను గాజు పళ్లెంలో పెంచే పద్ధతి కనిపెట్టారు. ఆ తర్వాత ఒళ్లంతా కాలిన రోగులకి అలా పెంచిన పొరలు అతికించారు. 2015లో జర్మనీలో పుట్టుకతో చర్మం ఊడిపోయే జబ్బున్న ఏడేళ్ల పిల్లవాడికి, జన్యులోపం సరిచేసి పెంచిన పై చర్మాన్ని ఒంటిలో దాదాపు 80 శాతం మేర అతికించి బతికించారు. 2017లో ఆ వివరాలు వచ్చాయి. చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. అయితే అది పెద్ద ల్యాబూ, నెలల శ్రమా, ఆపరేషన్ థియేటరూ ఉన్నచోట మనిషికి చేసిన వైద్యం.

పశువులకి ఇంజక్షన్ రూపంలో ఇచ్చేవి ఇవి కావు. అవి కొవ్వు నుంచో, ఎముక మూలుగ నుంచో, బొడ్డుతాడు నుంచో తీసే వేరే రకం కణాలు. మీసెంకైమల్ స్టెమ్ సెల్స్ అంటారు. ల్యాబులో వీటిని ఎముకగా, కొవ్వుగా, మృదులాస్థిగా మార్చవచ్చు. పుండులో వేసినప్పుడు మాత్రం చర్మంగా మారేవి చాలా తక్కువ. వేసిన కణాల్లో ఎక్కువ భాగం కొన్ని రోజుల నుంచి రెండు మూడు వారాల లోపే కనబడకుండా పోతాయి.

మరి ఉపయోగం ఎక్కడ? బతికి ఉన్నన్నాళ్లూ అవి చుట్టుపక్కల కణాలతో మాట్లాడతాయి. వాటి నుంచి ఊరే రసాయనాలు కొత్త రక్తనాళాలు మొలిచేలా చేస్తాయి. మన పుండ్లలో చాలావరకు చిక్కుకుపోయేది మంట దశలో. వాపు, రసి, చీము, మళ్లీ వాపు, ఇలా అక్కడే తిరుగుతుంటుంది. మాక్రోఫేజ్ అనే తెల్లరక్తకణం మొదట క్రిముల్ని మింగే పని చేసి, తర్వాత కట్టుబడి పనికి మారాలి. మానని పుండులో అది మొదటి పనిలోనే ఉండిపోతుంది. మీసెంకైమల్ కణాలు దాన్ని రెండో పనికి మళ్లించడానికి సాయపడతాయి. అంచు కణాలు పాకడానికీ, కండ పీచు వరుసగా అల్లుకోవడానికీ వీలు దొరుకుతుంది. ఈ కణాలకి 1991లో ఆ పేరు పెట్టిన ఆర్నాల్డ్ కాప్లానే 2017లో పేరు మార్చాలని రాశారు. ఇవి తాముగా అవయవాలు కట్టేవి కావు, మందులా కబురు పంపే కణాలు, కాబట్టి స్టెమ్ సెల్ అన్న మాట తీసేయండి అన్నది ఆయన వాదన. నాకు ఆ మాట సరైనదనిపిస్తుంది. మేస్త్రి ఎంత మంచివాడైనా ఇటుకలూ ఇసుకా నీళ్లూ లేనిచోట గోడ లేవదు కదా.

తయారీ ఎలా ఉంటుందో కూడా తెలిస్తే మంచిది, ఎవరైనా చేస్తామన్నప్పుడు ఏం అడగాలో తెలుస్తుంది. మత్తిచ్చి చర్మం కింద నుంచి కొన్ని గ్రాముల కొవ్వు తీస్తారు. సన్నగా తరిగి, కొల్లాజినేజ్ అనే ఎంజైముతో 37 డిగ్రీల దగ్గర కరిగించి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతారు. కొవ్వు పైకి తేలుతుంది, అడుగున గుండులా చేరినదాంట్లో మనకి కావలసినవి ఉంటాయి. వేరే కణాలు కూడా బోలెడు ఉంటాయి. అదే రోజు వాడేస్తామంటే ఆ మిశ్రమమే వాడతారు. స్వచ్ఛంగా, లక్షల్లో కావాలంటే ప్లాస్టిక్ ఫ్లాస్కుల్లో వేసి, కార్బన్ డయాక్సైడ్ 5 శాతం ఉండే పెట్టెలో రెండు మూడు వారాలు పెంచాలి. ప్లాస్టిక్ అడుగుకి అంటుకునే గుణం వల్లే ఇవి మిగతావాటి నుంచి వేరుపడతాయి. నేను ల్యాబులో ఉన్నప్పుడు పద్దెనిమిది రోజులు పెంచిన ఫ్లాస్కుల్లో ఒక ఉదయం తెల్లటి బూజు చుక్క కనబడింది. ఆ వరుస మొత్తం పారబోశాం. ఆ బూజు కంటికి కనబడకుండా ఇంజక్షన్‌లోకి వెళ్లి ఉంటే ఏమయ్యేదా అని ఇప్పటికీ అనుకుంటాను.

నిల్వ చేయాలంటే లిక్విడ్ నైట్రోజన్‌లో, మైనస్ 196 డిగ్రీల దగ్గర. మీ ఊరి గోపాలమిత్ర దగ్గర వీర్యం స్ట్రాలు ఉండే క్యాన్ లాంటిదే. బయటికి తీసి కరిగించాక గడియలు లెక్క. సూది పొడిచే సమయానికి ఎన్ని బతికున్నాయన్నదే అసలు ప్రశ్న. ఎండాకాలం విశాఖ నుంచి రాజాం దాకా మామూలు ఐస్ డబ్బాలో వచ్చే సీసా మీద నాకు నమ్మకం లేదు.

ఫలితాల గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. చిట్టెలుకలు, కుందేళ్లు, కుక్కలు, గుర్రాల మీద చాలా ప్రయోగాలు జరిగాయి. మన దేశంలో బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థలో కూడా ఈ రంగంలో పనిచేస్తున్నారు. చాలావాటిలో కణాలు వేసిన గాయాల్లో ఎర్రటి కండ ముందుగా వచ్చింది, రక్తనాళాలు ఎక్కువగా కనిపించాయి, అంచు పొర వేగంగా కదిలింది. ఇవన్నీ నిజమే. అయితే ఆ గాయాల్లో ఎక్కువ భాగం ఆరోగ్యంగా ఉన్న జంతువుకి శుభ్రమైన గదిలో కత్తితో చేసిన కొత్త గాయాలు. జంతువుల సంఖ్య చిన్నది. మన శాలలో రెండున్నర నెలలుగా ఈగలు ముసిరిన పాత పుండు వేరే సంగతి. ఎలుకల ఫలితాన్ని ఆవుకి అన్వయించడంలో ఇంకో చిక్కు ఉంది. ఎలుక చర్మం కింద పల్చటి కండర పొర ఉంటుంది, దాని గాయం సంచి మూతికి తాడు బిగించినట్టు ముడుచుకుపోతుంది. అందుకే పరిశోధకులు గాయం చుట్టూ సిలికాన్ రింగు కుట్టి, ముడుచుకోకుండా ఆపి, అప్పుడు కొలుస్తారు. ఆవుల పాత పుండ్ల మీద గట్టి రుజువు చాలా తక్కువ.

యూరప్‌లో 2019లో గుర్రాలకి స్టెమ్ సెల్ మందులకి అనుమతి వచ్చింది. అది కీళ్ల వల్ల వచ్చే కుంటికి. చర్మపు పుండుకి కాదు. మనుషుల విషయంలో మన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు రక్తసంబంధ జబ్బులకి చేసే మూలుగ మార్పిడి లాంటివాటిని తప్ప మిగతా స్టెమ్ సెల్ వాడకాన్ని అనుమతి పొందిన ట్రయల్స్‌కే పరిమితం చేశాయి. డబ్బు తీసుకుని మామూలు వైద్యంలా చేయడం తప్పని స్పష్టంగా చెప్పాయి. పశువుకైనా అదే జాగ్రత్త పాటించాలని నా అభిప్రాయం.

నా చేతి మీద జరిగిన కేసు ఒకటి చెప్పాలి. ఎచ్చెర్ల దగ్గర హైవే మీద లారీ తగిలి ఒక కుక్కకి వెనక కాలు చర్మం మేజోడు ఊడదీసినట్టు ఊడిపోయింది. కాలు తీసేయాలనుకున్నాం. ఇంట్లోని చిన్నపిల్ల ఏడుపు చూసి ఆగాం. పది రోజులు కట్లు మార్చి, చచ్చిన కండ తీసి, అడుగు ఎర్రబడ్డాక, ల్యాబులో నాకు తెలిసినవాళ్ల సాయంతో దాని సొంత కొవ్వు నుంచి తీసిన కణాలు అంచు చుట్టూ ఇచ్చాం. తొమ్మిది వారాల్లో కాలు మూసుకుంది. వెంట్రుకలు రాలేదు, మచ్చ ఉంది, కానీ నాలుగు కాళ్ల మీద పరిగెత్తింది. ఆ ఫొటోలు చూపించి స్టెమ్ సెల్స్ గొప్పతనం చెప్పమని చాలామంది అడిగారు. నేను చెప్పలేదు. ఆ ఇంటివాళ్లు తొమ్మిది వారాలు రోజు తప్పకుండా కట్టు మార్చారు. కణాలు వేయకపోయినా మానేదేమో. పోల్చడానికి ఇంకో కాలు లేదు.

ఇప్పుడు అసలు విషయానికి, పుండు ఎందుకు ఆగుతుందన్నదానికి వస్తాను. ఇక్కడే నేను ఎక్కువ తప్పులు చేశాను, ఎక్కువ నేర్చుకున్నాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో పాలకొండ వైపు ఒక ముసలి రైతు ఎద్దుని తీసుకొచ్చేవాడు. మూపురం మీద పుండు. గరుకుగా పక్కు కట్టి, పగిలి, రసి కారి, మళ్లీ పక్కు కట్టేది. కాడి ఒరుపు అనుకుని పని మాన్పించి ఆయింట్‌మెంట్లు ఇచ్చాను. వానాకాలం రాగానే ఇంకా పెరిగింది. "ఏటి బాబూ, మూడు డబ్బాల మందు పూసినా మానదేటి?" అని అడిగాడాయన. ఆ మాటకి సిగ్గేసి, బ్లేడుతో లోతుగా గీకి ఆ గీకుడుని మైక్రోస్కోపు కింద చూశాను. సన్నటి పురుగులు. స్టెఫనోఫైలేరియా. ఈగలు మోసుకొచ్చి చర్మంలో వదిలే పురుగు అది. ఎద్దులకి మూపురం మీద, గేదెలకి చెవుల మీద పుండ్లు చేస్తుంది. పురుగుకి మందు పడ్డాక ఆ పుండు తనంతట తనే మానింది. అంతకుముందు పూసిన మూడు డబ్బాల స్థానంలో మూడు స్టెమ్ సెల్ ఇంజక్షన్లు ఉన్నా ఫలితం అదే అయ్యేది.

రెండోది 2018 అక్టోబరులో. తిత్లీ తుపాను 11వ తేదీ తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి, రేకులు కాగితాల్లా ఎగిరాయి. తర్వాత వారాల తరబడి మందస, వజ్రపుకొత్తూరు పల్లెల్లో పశువుల గాయాలకి కట్లు కట్టాం. ఒక ఆవు తొడ గాయం చక్కగా పూడినట్టే పూడి, మధ్యలో పెసరగింజంత రంధ్రం మిగిలి, అందులోంచి రసి వస్తూనే ఉంది. రెండుసార్లు యాంటీబయాటిక్ కోర్సు అయింది. తగ్గడం, మళ్లీ రావడం. చివరికి మత్తిచ్చి ఆ రంధ్రం వెంట లోపలికి వెళ్తే వేలెడు పొడవు కర్ర ముక్క దొరికింది. అది తీసిన పన్నెండు రోజులకి రంధ్రం మూసుకుంది.

మూడోది చెప్పడానికి కష్టంగా ఉంటుంది. మన దేశవాళీ ఎద్దులకి కొమ్ము మొదట్లో కాన్సర్ రావడం తెలిసిందే. కంటి దగ్గర, తెల్లచర్మం ఉన్నచోట కూడా వస్తుంది. పైకి మానని పుండులాగే ఉంటుంది, కండ కాలీఫ్లవర్‌లా ఉబ్బుతుంది. అలాంటిచోట రక్తనాళాలు మొలిపించే కణాలు వేస్తే ఏం జరుగుతుందో ఊహించండి. నెల రోజులు కదలని ఏ పుండుకైనా అంచు నుంచి చిన్న ముక్క కోసి పరీక్షకి పంపకుండా స్టెమ్ సెల్ సూది పొడవకూడదని నేను గట్టిగా చెప్పేది అందుకే. మీ ఆవుకి దెబ్బ వల్ల వచ్చిన రెండున్నర నెలల పుండు, కాన్సర్ అవకాశం తక్కువ. అయినా చూసుకోవాలి.

వీటితో పాటు మీరు రాయని విషయం ఒకటి ఉంది. ఆవు ఆ పుండుని నాకుతోందా? తొడ దాకా దాని మూతి అందుతుంది, ఆవు నాలుక ఆకురాయి లాంటిది. రాత్రిపూట ఎవరూ చూడరు. పేడ అంటిన తోక కుచ్చు పుండు మీద కొడుతుందేమో కూడా చూడండి.

ఇక చేయవలసినది. పెరాక్సైడ్, పసుపు, స్ప్రే ఈ రోజే ఆపేయండి. పసుపుని తప్పు పట్టడం లేదు, కానీ పొడి చల్లితే గడ్డకట్టి కింద చీము దాస్తుంది. లీటరు నీళ్లు మరగబెట్టి చల్లార్చి 9 గ్రాముల ఉప్పు కలపండి. అంటే సుమారు ఒకటిన్నర నుంచి రెండు టీస్పూన్లు. 20 మిల్లీలీటర్ల సిరంజికి 18 నంబరు సూది పెట్టి, పుండుకి తగలకుండా దూరం నుంచి ఆ నీటిని ధారగా కొట్టండి. ఆ ధారకి మురికి పోతుంది, పొర మిగులుతుంది. దూదితో రుద్దొద్దు. చీము వాసన ఉంటే పోవిడోన్ అయోడిన్‌ని నీళ్లలో పల్చటి టీ రంగు వచ్చేదాకా కలిపి నాలుగైదు రోజులు వాడవచ్చు. అంతకంటే చిక్కగా వద్దు.

తర్వాత కప్పాలి. ఆవు తొడకి కట్టు నిలవదని మీరంటారు, నిజమే. మీ పశువైద్యుడిని అడిగి, మత్తు సూది వేయించి పుండు చుట్టూ మంచి చర్మం మీద దారంతో ఆరేడు వదులు ఉచ్చులు వేయించండి. పుండుకి అంటుకోని గాజ్ గుడ్డ, దాని మీద శుభ్రమైన నూలుబట్ట మడత పెట్టి, ఆ ఉచ్చుల్లోంచి నాడా దూర్చి బూటు లేసులా కట్టేయవచ్చు. రోజూ విప్పి మార్చవచ్చు. అడుగు ఇంకా మురికిగా ఉన్నన్నాళ్లు వైద్యానికి శుద్ధిచేసిన తేనె పల్చగా రాయవచ్చు. అది నీటిని లాగుతుంది, పుల్లదనం వల్ల క్రిములు పెరగవు. బట్ట కప్పకుండా రాస్తే చీమలు పడతాయి. అడుగు ఎర్రగా, సమంగా, రేగుపండు తొక్కలా అయ్యాక తేనె ఆపి, వాసన లేని తెల్ల వ్యాజలిన్ చాలు. ఈగలకి వేపనూనె పుండు చుట్టూ వెంట్రుకల మీద రాయండి, పుండులో వేయొద్దు. పురుగులు పడితే మాత్రం కిరసనాయిలు, టర్పెంటైన్ పోయకుండా 1962కి ఫోన్ చేయండి, సంచార వాహనం వస్తుంది. నాకకుండా మెడకి కర్రల తడిక కట్టండి. ఖనిజ లవణ మిశ్రమం, తెలగపిండి తగ్గించకండి. పుండు పూడ్చడానికి కావలసిన మాంసకృత్తులు మేతలోంచే రావాలి.

ఇదే సమయంలో గీకుడు పరీక్ష, అంచు ముక్క పరీక్ష చేయించండి. ముక్కని 10 శాతం ఫార్మలిన్‌లో, ముక్కకి పది రెట్లు మందు ఉండేలా వేసి పంపాలి. మీకు గరివిడి పశువైద్య కళాశాల దగ్గరే. అక్కడ సర్జరీ విభాగంలో ఆవుని చూపించడం విశాఖ ప్రయాణం కంటే మేలు.

మూడు నాలుగు వారాల్లో అంచు కదలకపోతే, పరీక్షలన్నీ శుభ్రంగా వస్తే, అప్పుడు కూడా నేను ముందు చెప్పేది చర్మం నాట్లు. మెడ పక్క నుంచి బియ్యపుగింజకి కాస్త పెద్దవిగా చర్మపు ముక్కలు తీసి, పుండు అడుగున ఎర్రటి కండలో చిన్న గుంటలు చేసి వరసగా నాటుతారు. లోకల్ మత్తుతో, ఆవుని నిలబెట్టే చేయవచ్చు. కొన్ని బతకవు. బతికినవాటిలో వెంట్రుక కుదుళ్లూ, పై పొర మూలకణాలూ వాటి సొంత ఇంటితో సహా ఉంటాయి. ప్రతి ముక్క నుంచీ పొర పాకుతుంది, మధ్యలో లేని నారు మనం వేసినట్టు అవుతుంది. ఇంజక్షన్ కణాలకి లేని సౌకర్యం ఇది. ల్యాబూ, నైట్రోజనూ అక్కర్లేదు. ఇన్నేళ్ల పాత పద్ధతిని వదిలేసి సూది వెంట పడటం నాకు అర్థం కాదు.

పీఆర్పీ గురించి కూడా ఎవరో ఒకరు చెబుతారు. ఆవు రక్తమే తీసి, రెండుసార్లు తిప్పి, ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న భాగం పుండుకి వేయడం. ఖర్చు తక్కువ, సొంత రక్తం కాబట్టి భయం తక్కువ. కానీ గుర్రాల కాళ్ల గాయాల మీద ఒక ప్రయోగంలో ఇది దుర్మాంసం పెంచి మానడం ఆలస్యం చేసింది. కండ ఇప్పటికే ఉబ్బి ఉంటే వద్దు.

ఇవన్నీ అయ్యాక కూడా స్టెమ్ సెల్స్ వేయించాలనుకుంటే ఇవి అడగండి. కణాలు ఈ ఆవువేనా, వేరే పశువువా? వేరేదైతే దానికి ఏయే జబ్బులు లేవని పరీక్షించారు? ఎన్ని లక్షల కణాలు, పొడిచే ముందు లెక్కపెడితే ఎంత శాతం బతికున్నాయి? బూజు, బాక్టీరియా లేవన్న రిపోర్టు ఏది? ఇదివరకు ఆవులకి చేశారా, పక్కన స్కేలు పెట్టి తీసిన ఫొటోలు ఉన్నాయా? వీటిలో ఏ ఒక్కదానికి జవాబు దాటవేసినా ఆవుని బండి ఎక్కించకండి.

యాంటీబయాటిక్ గానీ, పురుగుమందు గానీ వాడితే ఎన్నిరోజులు పాలు పోయకూడదో సీసా మీద చూసి, డాక్టరుని అడిగి, అన్నిరోజులూ ఆ పాలు కేంద్రానికి పోయొద్దు. ఇంట్లో పిల్లలకీ ఇవ్వొద్దు.

వారానికోసారి, ఆదివారం అనుకోండి, శుభ్రమైన ప్లాస్టిక్ కవరు పుండు మీద పరిచి మార్కర్ పెన్నుతో అంచు గీయండి. తేదీ వేసి దాచండి. రోజూ చూసే కంటికి తేడా తెలియదు, గీతల్ని ఒకదాని మీద ఒకటి పెడితే తెలుస్తుంది. నాలుగు గీతలయ్యాక, గీకుడు రిపోర్టుతో కలిపి నాకు పంపండి. ఫొటో తీసేటప్పుడు పక్కన రూపాయి బిళ్ల ఉంచి, ఫ్లాష్ లేకుండా తీయండి. ఆ నాలుగు గీతలు చూశాక చర్మం నాట్లు అవసరమా, ఇంకో నెల ఆగవచ్చా అన్నది నేను చెప్పగలను.